బండలు పరిచిన కట్ట

నారాయణ రెడ్డి నుదుటి మీద ఒక బొక్క. ఎడమ చెంప మీద ఇంకొకటి. మూడోది సరిగ్గా గొంతు దగ్గర.

మనిషికేమీ కాలేదు. ఆ మనిషి యాభై మీటర్ల ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తన బొమ్మకు పడ్డ బొక్కల్ని చూస్తూ పళ్ళు నూరుతున్నాడు. ఇరవై అడుగుల ఫ్లెక్సీ అది. షూటింగ్ రేంజ్ చివరనున్న కట్ట మీద రెండు వెదురు బొంగులకు కట్టారు. అందులో ఆయన చేతులు జోడించి నవ్వుతున్నాడు. వెనకనుంచి పొద్దుటి ఎండ బొక్కల్లోంచి ఇటువైపు దూరి వస్తోంది.

స్కూటర్ దిగిన మాధవి కంట పడింది మాత్రం ఫ్లెక్సీ కాదు, జాకీర్. ఆయుధాల గది మెట్టు మీద కూలబడి ఉన్నాడు. పైపెదవి చీలిపోయింది. చొక్కా ముందంతా రక్తం. నలుగురు మగాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు.

"ఎవురు కొట్టింది?" అంది.

"నేనే." ఉదయ్ కుమార్ ముందుకొచ్చాడు. నారాయణ రెడ్డి చెల్లెలి కొడుకు. ముప్పై ఏళ్ళుంటాయి. నల్లద్దాలు తీయకుండానే మాట్లాడతాడు. "కొడితే ఏంది? మా మామ మొగానికి తూటా కొట్టినోనికి హారతి పట్టల్లా?"

"జాకీరన్న కాల్చినాడని చూసినావా?"

"చూడాల్సిన పనేముంది? తాళాలు ఎవురి కాడ ఉండాయి? గేటు ఎవురు ఏసినారు? పెద్దముడియం వాళ్ళు దుడ్లిచ్చింటారు, వీడు కాల్చింటాడు."

గేటు దగ్గర రెండు జీపులు ఇంజన్లు ఆపకుండా ఉన్నాయి. వాటిల్లో మనుషులున్నారు. సీట్ల కింద కర్రలు కూడా ఉన్నాయని వేరే చెప్పక్కర్లేదు. పెద్దముడియంలో నాపరాళ్ళు పాలిష్ చేసే ఫ్యాక్టరీ వాళ్ళకూ నారాయణ రెడ్డికీ క్వారీ గట్ల దగ్గర చాలా కాలంగా గొడవ. ఈ వైపు ఊళ్ళలో మనిషి మీద చెయ్యి వేయడం ఒక ఎత్తు, మనిషి ఫ్లెక్సీ మీద చెయ్యి వేయడం ఇంకో ఎత్తు. దెబ్బ తిన్నవాడు ఇంట్లో పడుకుంటాడు. చిరిగిన ఫ్లెక్సీ మాత్రం వచ్చేపోయే బస్సులన్నిటికీ కనపడుతూనే ఉంటుంది.

జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో, నాపరాయి తవ్వి వదిలేసిన పాత క్వారీ గుంతలో ఉంది ఈ పెన్నా రైఫిల్ క్లబ్. గుంత నారాయణ రెడ్డిది. క్లబ్బూ ఆయనదే. మాధవిది ప్రొద్దుటూరు. రైఫిల్ షూటింగ్‌లో ఒకప్పుడు రాష్ట్రం తరఫున ఆడింది. ఇప్పుడిక్కడ రేంజ్ ఆఫీసరు. ఎవరు కాల్చాలో, ఎప్పుడు ఆపాలో ఆమె చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి. జాకీర్ ఆమె దగ్గర పనిచేస్తాడు. యాభై దాటిన మనిషి. టార్గెట్లు కట్టడం, తాళాలు చూడడం, ఎర్ర తాడు లాగడం ఆయన పని.

ఆ తాడే ఇక్కడ చట్టం. ఎవరైనా టార్గెట్ల వైపు నడిస్తే, తుపాకులు పెట్టే బల్లల మీదుగా ఈ చివరనుంచి ఆ చివరకు ఎర్ర తాడు లాగి కడతారు. తాడున్నంతసేపు తుపాకీని వేలితో కూడా తాకకూడదు.

బుధవారం ఉదయ్ కుమార్ తాకాడు. జాకీర్ టార్గెట్ల దగ్గర ఉన్నాడు, తాడు కట్టే ఉంది. స్నేహితుడు సుధీర్ ఫోన్‌లో వీడియో తీస్తుంటే, తాడు కిందనుంచి తన రైఫిల్ లాగి భుజానికెత్తి, జాకీర్ వీపు మీదికి గురి చూశాడు. "చూడు మచ్చా, జింక!" అన్నాడు. మాధవి వచ్చి రైఫిల్ లాక్కుంది. బోల్ట్ ఊడబీకింది. బోల్ట్ లేకపోతే రైఫిల్ ఒట్టి ఇనుప గొట్టం.

"నెల దినాలు నీకు రేంజ్ లేదు. బయటికి నడువు," అంది అందరి ముందూ.

బోల్ట్‌ను తీసుకుపోయి నారాయణ రెడ్డి చేతిలో పెట్టింది. నెల తర్వాతే ఇవ్వమని చెప్పింది. ఆ సాయంత్రమే క్లబ్‌లో నేర్చుకునే పిల్లల్ని వెంటబెట్టుకుని సెలెక్షన్లకు విజయవాడ వెళ్ళింది.

ఆమె లేనప్పుడు కట్టకు బండలు పడ్డాయి.

శుక్రవారం జాకీర్ ఫోన్ చేశాడు. "మేడం, కట్టకు బండలు పరుస్తాండారు."

"ఏ కట్టకు?"

"ఏ కట్టకేంది మేడం, తూటాలు తగిలే కట్టకే. మేస్త్రీలు వచ్చినారు. సిమెంటు కలుపుతాండారు."

మాధవి వెంటనే నారాయణ రెడ్డికి చేసింది.

"వానలకు మట్టంతా జారిపోయి గలీజుగా ఉండాదమ్మా," అన్నాడాయన. "ఆదివారం పులివెందుల నుంచి పెద్దోళ్ళు వస్తాండారు. రేంజ్ ఓపెనింగ్ మళ్ళ ఘనంగా చేస్తాండాం. నున్నగా బండలు పరిపిస్తే చూసేదానికి బాగుంటాది."

"సార్, ఆడ మట్టే ఉండాల. తూటా మట్టిలో దిగి ఆగిపోతాది. రాయి మీద పడితే ఆగదు, యాడికి పోతాదో చెప్పలేం."

"ఏందమ్మా నువ్వు! మా ఇండ్లకు గోడ ఇదే రాయి, పైకప్పు ఇదే రాయి, చేనుకు కంచె ఇదే రాయి. సచ్చినాంక మా పైన పరిచేదీ ఇదే రాయి. నీ తూటా ఎంత!"

"నేనొచ్చేదాకా ఒక్క రౌండు కూడా కాల్చనీయొద్దండి సార్."

"కాల్చరులే," అన్నాడాయన. జాకీర్‌కు కూడా అదే చెప్పింది. తాళాలు ఎవరికీ ఇవ్వద్దంది.

ఇప్పుడు, ఆదివారం పొద్దున, విజయవాడ నుంచి వచ్చీ రాగానే జాకీర్ ముందు గొంతుక్కూర్చుంది. "ఏం జరిగింది జాకీరన్నా?"

జాకీర్ ఆమె వైపు చూడలేదు. "నాకేం తెల్దు మేడం."

"ఎవురన్నా వచ్చినారా నిన్న?"

"తెల్దు."

"అబద్ధం."

"అబద్ధమే." గొంతు తగ్గించాడు. "నిజం చెప్తే ఇప్పుడు పెదవి పోయింది, ఇంకోసారి తల పోతాది. వాళ్ళూ వాళ్ళూ ఒకటి. మధ్యలో నేనెందుకు మేడం?"

ఆ మాటతో ఆమెకు సగం అర్థమైంది. లేచి నారాయణ రెడ్డి కుర్చీ ముందుకు నడిచింది.

"సార్, జాకీరన్నను హాస్పిటల్‌కు తీసకపోవల్ల. కుట్లు పడాల."

"పోవచ్చు," అన్నాడు నారాయణ రెడ్డి. ఆయన కోపంలో కూడా నెమ్మదిగానే మాట్లాడతాడు. "ఎవురు పంపినారో చెప్పి పోవచ్చు. పది గంటలకు పెద్దోళ్ళు వస్తారు. వాళ్ళ ముందర నా గొంతులో బొక్క పెట్టుకోని నేను కూర్చోవల్లా? అంతలోపల చెప్పకపోతే వీన్ని జీపులో ఏసుకోని పెద్దముడియం పోతాం. ఆడ వాళ్ళ ముందరే చెప్పిస్తాం."

"ఈయప్పను ఆడికి తీసకపోతే తిరిగొస్తాడా?"

"అది ఆ పొద్దు ఆడ ఎట్ల జరుగుతాదో, దాన్ని బట్టి."

మాధవి తలెత్తి ఫ్లెక్సీ వైపు చూసింది. ఇంత దూరంనుంచి కూడా ఒక సంగతి కనపడుతోంది. బొక్కలు గుండ్రంగా లేవు. ఎదురుగా వచ్చిన తూటా కాగితానికి కంపాస్‌తో గీసినట్టు గుండ్రటి రంధ్రం పెడుతుంది. ఇవి నిలువుగా చీరుకుపోయాయి.

"నేను పోయి చూసొస్తా," అంది.

"చూసేకి ఏముంది ఆడ?" ఉదయ్ కుమార్ అడ్డం వచ్చాడు. "నీ మనిషిని కాపాడుకోను నాటకాలు. మామా, ఈమెను కూడా జీపెక్కిద్దాం."

"నీ రైఫిల్ యాడ?"

"ఇంట్లో ఉండాది. నువ్వు బోల్ట్ పీకినావు గదా, దాన్నేం చేసుకుంటా, పప్పు ఎనుపుకుంటానా?"

జీపుల్లోవాళ్ళు నవ్వారు. మాధవి నవ్వలేదు. జాకీర్ దగ్గర తాళాల గుత్తి తీసుకుని ఆయుధాల గది తెరిచి చూసింది. క్లబ్ రైఫిళ్ళన్నీ గొలుసులోనే ఉన్నాయి. మళ్ళీ తాళం వేసి, తాళం చెవులు జేబులో వేసుకుంది. ఎర్ర తాడు అందుకుని బల్లల మీదుగా తనే లాగి కట్టింది.

"తాడు పడింది," అంది గట్టిగా. "నేను ముందుకు పోతాండా. తుపాకి ముట్టుకున్నోని చెయ్యి వాపసొచ్చి నేనే ఇరుస్తా. అందరికీ వినపడిందా?"

 ఆమె కట్ట వైపు నడిచింది.

 ఒకప్పుడు ఈ కట్ట గోడలా నిటారుగా ఉండేది. రెండేళ్ళ వానలకు మట్టి కిందికి జారి వాలుగా పరుచుకుంది. మట్టిని మళ్ళీ పైకి ఎగదోసి కట్ట నిలబెట్టాలని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. దాన్ని నిలబెట్టలేదు. ఆ వాలు ఎలా ఉందో అలాగే ఉంచి, పైన నల్లటి పాలిష్ బండలు అద్దాల్లా పరిచారు. కిందనుంచి పైదాకా ఒకటే నునుపు.

టార్గెట్ల వెనకాల, మోకాలి ఎత్తులో, బండ మీద బూడిద రంగు గీత కనపడింది. పలక మీద బలపంతో గీసినట్టుంది. వేలితో రుద్దింది. వేలికి సీసం అంటింది. పక్క బండ మీద ఇంకో గీత, దాని అవతల మూడోది. మూడూ కింద మొదలై పైకి సాగాయి.

"సార్!" అని కేకేసింది. "మీరొకసారి ఈడికి రావల్ల."

"నేనెందుకమ్మా ఆడికి?"

"బొక్కలు పడింది మీ మొగానికి. మీరే చూడండి. ఇంగెవురు చెప్పినా నమ్మరు."

 నారాయణ రెడ్డి పంచె ఎగ్గట్టి, తాడు కింద వంగి దూరి, బండల దాకా వచ్చాడు. మాధవి మేస్త్రీలు వదిలేసిపోయిన నూలుదారం ఉండ ఒకటి ఏరి పట్టుకుంది. బండలు వరసగా రావడానికి వాళ్ళు కట్టుకునే దారమే. దాని ఒక కొసను మొదటి గీత మొదట్లో రాయి బరువు పెట్టి, ఉండను విప్పుకుంటూ కట్ట పైకి ఎక్కింది.

"ఇట్ల రండి. దారం ఎంబడే చూడండి."

గీత మీదుగా దారం లాగింది. అదే వాలులో పైకి పట్టుకుంది. దారం నేరుగా పోయి ఫ్లెక్సీలో నారాయణ రెడ్డి గొంతు దగ్గర బొక్కలో దూరింది.

రెండో గీత మీద పెట్టింది. దారం చెంపలోకి పోయింది. మూడోది నుదుటికి.

"నీ ఎమ్మ," అన్నాడు నారాయణ రెడ్డి మెల్లగా. ఎవర్ని తిట్టాడో తెలియదు.

"మీకు ఎవురూ గురి పెట్టల్యా సార్. కింద కాగితానికి కొట్టినారు. తూటా కాగితం దాటి బండకు తగిలింది. మట్టి అయితే మింగేది. ఇది మింగదు. పిల్లోళ్ళు జారుడుబండ మీద జారినట్ల జారింది. కాకపోతే కిందినుంచి పైకి."

"పైకి పోయి?"

"మీ బొమ్మను దాటి ఆ పక్కకు."

నారాయణ రెడ్డి కట్ట పైదాకా ఎక్కి, ఫ్లెక్సీ పక్కనుంచి అవతలికి తొంగి చూశాడు. కట్టకు ఆవల కోత కోసిన శనగ చేను. అందులో ఎరువు కోసం రైతు మంద వేయించుకున్నాడు. కంప కంచె లోపల గొర్రెలు పడుకుని ఉన్నాయి. మంద యజమానురాలు గంగులమ్మ గొంగడి దులుపుతూ వీళ్ళ తలకాయలు చూసింది. అంతే, నోరు తెరిచింది.

"ఎవురప్పా అది? మీరేనా నిన్న మాపటేళ రాళ్ళు రువ్విందీ? మీకు గొర్రెలు ఏం చేసినాయి? నా బిడ్డ మాదిరి సాక్కున్న పొట్టేలికి కాలిరిగింది! మీ చేతులు పడిపోను!"

"మేం రువ్వల్యా గంగులమ్మా!" అంది మాధవి. "ఎప్పుడు పడినాయి రాళ్ళు?"

"పొద్దు గూకే ఏళ! టపాసులు కాల్చినట్ల టప టప అన్న్యాది, ఎంటనే గుయ్యిమని రాళ్ళు. మనిషి కానరాడు, రాయి కానరాదు! దయ్యాలు కూడా అంత బిరీన రువ్వవు!"

మాధవి వెనక్కి తిరిగి, ఫైరింగ్ లైన్ వైపు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచింది. "నిన్న మాపటేళ ఈడ కాల్చింది ఎవురు?"

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఉదయ్ పక్కనున్న సుధీర్‌కు ఆలోచన కన్నా ముందు మాట వస్తుంది. "మాపటేళ అంటే మనమే గదా ఉదయా, గేటు దూకొచ్చి, కోక్ తాగి..." అన్నాడు గట్టిగానే. తర్వాత నోరు మూసుకున్నాడు.

గుంతలో మాట బాగా వినపడుతుంది. కట్ట మీద నారాయణ రెడ్డికి ప్రతి అక్షరం అందింది.

"ఉదయా!" ఆయన నెమ్మదితనం ఇప్పుడు పోయింది. "నువ్వు కాల్చినావా?"

"కాగితానికి కొట్టినా మామా! మీ మొగానికి కాదు!"

"నేను వద్దని చెప్పినా గదరా!"

"వద్దనేవాళ్ళు బోల్ట్ ఎందుకిచ్చినారు మళ్ళ?"

మాధవి నారాయణ రెడ్డి వైపు తిరిగింది. ఆయన కళ్ళు దించుకున్నాడు. "చెల్లెలు ఏడ్చింది ఫోన్‌లో," అన్నాడు. "పిల్లోని మర్యాద పోయిందని."

"అయితే జాకీరన్న మూతి?"



యాభై మీటర్ల అవతల ఉదయ్ కుమార్ ముఖం ఎర్రబడింది. జీపుల్లో మనుషులు తనను చూస్తున్నారు. రెండు గంటలుగా వాళ్ళకు తనే నాయకుడు. జాకీర్‌ను కొట్టింది తను, పెద్దముడియం పేరెత్తింది తను, కర్రలు తీయించింది తను. ఇప్పుడు తనే కాల్చాడని తేలింది, అదీ ఆ ఆడమనిషి వల్ల.

"అంతా ఈమె కథ!" అని అరిచాడు. "దారాలంట, జారుడుబండలంట! రాయి తూటాను మింగుతాది. మింగక యాడికి పోతాది? చూపిస్తా ఉండండి!"

ముందు జీపు వెనక తలుపు తెరిచాడు. సీటు కిందనుంచి రైఫిల్ తీశాడు. ఇంట్లో ఉందన్న రైఫిల్. బోల్ట్ ఎండలో మెరిసింది.

"మీరు ఎడమ పక్క ఉండారు, నేను కుడి పక్క కొడ్తాండా!" అన్నాడు, అది చాలా తెలివైన మాటన్నట్టు. "బయపడొద్దు మామా!"

"తాడుంది!" మెట్టు మీదనుంచి జాకీర్ లేచాడు. "అయ్యా, తాడుంది! మనుషులుండారు ఆడ!" చీలిన పెదవినుంచి మాట సరిగా రాలేదు. ఇద్దరు మనుషులు ఆయన్ని భుజాలు పట్టి కూలేశారు. కూలబడి కూడా అరుస్తూనే ఉన్నాడు. "తాడుంది! తాడుంది!"

ఉదయ్ కుమార్ తాడు మీద మోచేయి ఆనించి గురి చూశాడు.

మాధవి ఇంకేమీ ఆలోచించలేదు. నారాయణ రెడ్డి మెడలో కండువా రెండు కొసలూ పట్టుకుని, బలమంతా పెట్టి కిందికి గుంజింది. "పడుకో!"

టప్.

తర్వాత వచ్చిన శబ్దం నారాయణ రెడ్డి ఎప్పుడూ వినలేదు. ఇంట్లో రెండు లైసెన్సు తుపాకులున్నాయి, పెళ్ళిళ్ళలో ఆకాశంలోకి ఎన్ని కాల్చాడో లెక్కలేదు. ఎప్పుడూ వెనక పక్కే నిలబడ్డాడు. ఈ పక్క ఎలా వినపడుతుందో తెలియదు. ముందు బండ మీద చిట్లినట్టు చురుక్కుమంది. ఆ వెంటనే కందిరీగ ఒకటి చెవి పక్కనుంచి దూసుకుపోయినట్టయింది. అంతలోనే పైన ఫ్లెక్సీ పట్టుమని అదిరింది. రెండు బండలు కలిసే చోట ఒకటి కాస్త ఎత్తుగా ఉంది. కుడి పక్క కొట్టిన తూటా ఆ అంచుకు తగిలి ఎడమకు తిరిగింది.

నారాయణ రెడ్డి కాళ్ళు నునుపు మీద నిలబడలేదు. ఆ పెద్దమనిషి బోర్లా పడి, ఓపెనింగ్ కోసం కట్టుకున్న తెల్ల పంచెతో సహా, తను పరిపించిన బండల మీద కిందిదాకా సర్రున జారిపోయాడు. కాళ్ళు టార్గెట్ ఫ్రేముకు తన్నుకున్నాక ఆగాడు.

కట్ట ఆవల గంగులమ్మ తిట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి మాధవి ఆ తిట్లు విని ఊపిరి పీల్చుకుంది. తిడుతోందంటే బతికే ఉంది.

పైకి చూసింది. ఫ్లెక్సీలో నాలుగో బొక్క. ఇంతకు ముందు నారాయణ రెడ్డి తల ఉన్న చోటికి జానెడు పైన.

ఆమె దిగింది. నారాయణ రెడ్డిని లేపలేదు. నేరుగా ఫైరింగ్ లైన్ దాకా నడిచింది. ఉదయ్ కుమార్ రైఫిల్ ఇంకా భుజానే పెట్టుకుని, నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. నల్లద్దాలు ముక్కు మీదికి జారాయి.

"కింద పెట్టు."

పెట్టాడు.

"బోల్ట్."

"నేను... నేను కుడి పక్కకే..."

"బోల్ట్ ఇయ్యి."

తీసి ఇచ్చాడు. ఆమె అందుకునేలోపు ఒకసారి కింద పడింది. తనే ఏరి మళ్ళీ ఇచ్చాడు. మాధవి దాన్ని బ్యాగులో వేసి జిప్ లాగింది.

నారాయణ రెడ్డి ఎవరి సాయమూ లేకుండా లేచి నడిచొచ్చాడు. మోచేతులు గీరుకుపోయాయి. పంచె చిరిగి, సిమెంటూ దుమ్మూ అంటాయి. మేనల్లుడి ముందు ఆగాడు. అందరూ చెంపదెబ్బ పడుతుందనుకున్నారు. పడలేదు. ఆయన ఆ పిల్లవాడి ముఖంలోకి, ఎవరి బిడ్డో అన్నట్టు చూశాడు.

"జీపెక్కు," అన్నాడు. "మీయమ్మ కాడికి పో. నాకు కనపడొద్దు."

ఉదయ్ కుమార్ వెళ్ళాడు. సుధీర్ వెనకే పరిగెత్తాడు. రెండో జీపులో మనుషులు దిక్కులు చూస్తూ ఇంజన్ ఆపేశారు.

నారాయణ రెడ్డి మాధవి దగ్గరికి వచ్చాడు. మళ్ళీ నెమ్మదిగా మాట్లాడాడు. "అమ్మా, జరిగిందేదో జరిగిపోయింది. ఇది గేటు దాటి పోకూడదు. ఫ్లెక్సీ ఇప్పిస్తా. బండలు రేపు తీయిస్తా. ఈ పొద్దు మటుకు ఓపెనింగ్ జరగనీ. రెండు రౌండ్లు, ఊరికే, పేరుకు."

"ఒక్క రౌండు కూడా లేదు."

"పెద్దోళ్ళు దారిలో ఉండారు. ఏమని చెప్పల్ల?"

"రేంజ్ మూతపడిందని నేనే గేటు కాడ నిలబడి చెప్తా."

"నీ ఉద్యోగం గూడా చూసుకోవల్ల గదమ్మా."

"రేంజే లేదు, ఉద్యోగం యాడిది సార్?" అంది మాధవి. "బెదిరించేది అయిపోయిందా? అయితే నాకొక పని చేయండి. జాకీరన్నకు చెప్పండి."

"ఏం చెప్పల్ల?"

"ఆయప్ప కాల్చల్యా అని. కొట్టేటప్పుడు ఎవురెవురు చూసినారో, వాళ్ళందరి ముందర."

నారాయణ రెడ్డి చుట్టూ చూశాడు. ఇందాక జాకీర్‌ను కూలేసిన ఇద్దరూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నారు. ఆయన క్వారీలో రాయి కొట్టిన మనుషులే అందరూ. ఆయన ఎప్పుడూ వీళ్ళలో ఒక్కరికీ తప్పయిందని చెప్పలేదు. చెప్పే అలవాటు ఆ ఇంట్లోనే లేదు.

"హాస్పిటల్ కర్చు నేను పెట్టుకుంటా," అన్నాడు.

"కర్చు అడగల్యా."

"ఫోన్‌లో చెప్తాలే మాపటికి."

"సార్." మాధవి బ్యాగులోంచి ఫోన్ తీసింది. "నేను ఎస్సైకి చేసేదొకటి ఉండాది. మనుషులుండంగా కాల్చినారని, మనిషిని కొట్టినారని. అది ఎట్లైనా చేస్తా. మీరు చెప్పినా చేస్తా, చెప్పకపోయినా చేస్తా. మీరు చెప్పేది జాకీరన్న కోసం. ఊర్లో రేపు ఈయప్ప పిల్లోళ్ళను ఎవురూ 'మీ నాయన పెద్దముడియం వాళ్ళకు అమ్ముడుపోయినాడంట' అనకూడదు."

నారాయణ రెడ్డి ఆయుధాల గది మెట్టు వైపు నడిచాడు. జాకీర్ లేవబోయాడు, పాత అలవాటు కొద్దీ. మాధవి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. నారాయణ రెడ్డి నేల చూస్తూ నోరు తెరిచాడు.

"జాకీరూ. కాల్చింది నువ్వు గాదు."

గొంతులోనే ఆగిపోయిందా మాట. వెనకనున్నవాళ్ళకు వినపడలేదు.

జాకీర్ చీలిన పెదవిని చొక్కా కొసతో అదుముకుంటూ తలెత్తాడు. "కొంచెం గట్టిగా చెప్పండి రెడ్డీ," అన్నాడు. "పొద్దున మీ అల్లుడు చెవి మీద గూడా కొట్టినాడు. సరిగ్గా వినపడ్ల్యా."

ఎవరూ నవ్వలేదు. నారాయణ రెడ్డి దవడ బిగుసుకుంది. ఇంకో రోజైతే ఆ మాటకు ఏం జరిగేదో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఆయన చెయ్యి తెలియకుండానే చెవి దగ్గరికి పోయింది, ఆ కందిరీగ ఇంకా అక్కడే తిరుగుతున్నట్టు.

"జాకీర్ కాల్చల్యా!" ఈసారి గుంత నాలుగు గోడలకూ తగిలేలా అన్నాడు. "కాల్చింది నా అల్లుడు! ఈ మనిషికి ఏ పాపమూ తెల్దు! విన్యారా అందరూ?"

విన్నారు. కట్ట ఆవల గంగులమ్మ కూడా విన్నట్టుంది. "నా పొట్టేలి సంగతేందిరా అయితే?" అంది అక్కడినుంచే.

మాధవి బల్లల మీది ఎర్ర తాడు విప్పి తెచ్చుకుని, జాకీర్‌ను స్కూటర్ ఎక్కించుకుంది. గేటు దాకా వచ్చి, బయటికి దాటించి, గేటు మూసి తాళం వేసింది. ఎస్సైకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఎర్ర తాడును గేటు ఊచలకు అడ్డంగా, రెండు చుట్లు చుట్టి ముడివేసింది. నారాయణ రెడ్డీ ఆయన మనుషులూ లోపల ఉండిపోయారు.

"తాళం!" అని లోపలినుంచి ఎవడో అరిచాడు.

"ఎస్సై వస్తాండాడు. ఆయప్ప తీస్తాడు," అంది.

అప్పుడే మలుపులో మూడు కార్లు కనపడ్డాయి. ముందు కారు గేటు ముందు ఆగింది. అద్దం దిగింది. పులివెందుల పెద్దమనిషి ఒకాయన తల బయటపెట్టి, తాడును చూశాడు, జాకీర్ చొక్కాను చూశాడు, దూరంగా కట్ట మీద రెపరెపలాడుతున్న ఫ్లెక్సీని చూశాడు.

"ఏందమ్మా ఇది? మా నారాయణ రెడ్డి మొగానికి ఏమైంది? ఎవురు చేసినారు?"

మాధవి జవాబు చెప్పబోయింది. వెనక సీటుమీదనుంచి జాకీర్ ఆమె భుజం తట్టాడు. తనే చెప్తానన్నట్టు.

"బండలు చేసినాయి సార్," అన్నాడు. "బండలు పరిపించిన ఆయప్ప లోపలే ఉండాడు, అడగండి. పంచె చిరిగింది, బయటికి రాడు."